ఎవరూ తీయని ఒట్టు

నాకు యుద్ధం పుస్తకాలంటే పిచ్చి. పిచ్చి అంటే ఇష్టమనుకునేరు. పుండు ఉన్నవాడు గోక్కుంటూ ఉంటాడు, అది ఇష్టమా? నాదీ అంతే. చదువుతున్నంతసేపూ ఒళ్లు మండుతుంది. మూసి పక్కన పెడితే చేతులు ఊరుకోవు.

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో నేను అక్కడ ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాను. ఆఫీసు అంటే పెద్దగా ఊహించుకోవద్దు, గుడారం. ఎండాకాలం ఆ గుడ్డ కింద కూర్చుంటే మనిషి కుడుమల్లే ఉడికిపోవలసిందే. మధ్యాహ్నం గాలి లేచిందంటే ఎర్రదుమ్ము సిరాబుడ్డిలోకీ, కళ్లలోకీ, మజ్జిగన్నంలోకీ సమానంగా పడేది. సాయంత్రం కాగానే ఒళ్లు దులుపుకుని బురుజు అవతల ఉన్న పఠనాలయానికి పోయేవాణ్ణి. అక్కడ ఒక మూల, మద్రాసు నుంచి లారీలో సామాన్లతో పాటు వచ్చిపడిన పాత ఇంగ్లీషు పుస్తకాల గుట్ట ఉండేది. దాన్ని ఎవరూ ముట్టేవాళ్లు కాదు. నేనొక్కణ్ణే దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక్కొక్కటే దుమ్ము దులిపి చూసేవాణ్ణి. నేను వెతికేది ఒకటే, మా చిన్నాయన.

చిన్నాయన మా నాయనకు తమ్ముడు. మా ఊరు పత్తికొండ పక్కన. నల్లరేగడి కొంచెం, ఎర్రనేల ఎక్కువ, నీళ్లు అసలే తక్కువ. యుద్ధం నడిచే రోజుల్లో వరసగా వానలు మొండికేశాయి. కొర్రలు కూడా చేతికి రాలేదు. పట్టాళానికి మనుషులు కావాలని దండోరా వేశారు. చిన్నాయనకు అప్పటికి పెండ్లయి ఏడాది కూడా తిరగలేదు. ఆయనా, వెనక వీధిలో ఉండే ఆయన జతగాడూ ఇద్దరూ గుంతకల్లుకు పోయి రైలెక్కారు. ఆ జతగాడిది సాయిబుల ఇల్లు. మాకు వరస కలుపుకుని మామ. ఇద్దరూ ఒకే బాయిలో ఈత నేర్చుకున్నారని చెప్పుకునేవాళ్లు. ఈత అంటే ఏముంది, మా ఊరి బాయిలో నడుముదాకా నీళ్లుంటే గొప్ప.

కొన్నాళ్లకు తంతి వచ్చింది. మనిషి కనబడడం లేదన్నది ఒక్కటే అందులో ఉన్న మాట. ఎక్కడ కనబడలేదు, ఎట్లా కనబడలేదు, కనబడకపోతే ఎవరు వెతుకుతున్నారు, ఏమీ లేదు. మా నాయన దస్తీ భుజాన వేసుకుని కర్నూలు కచేరీల చుట్టూ తిరిగాడు. యుద్ధ రహస్యం, అడగరాదు అన్నారట. ఎద్దు తప్పిపోతేనే నాలుగూళ్లు తిరిగి అడుగుతామే, మనిషి తప్పిపోతే అడగకూడదా అని మా నాయన ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని అరిచాడు. అరిచి ఏం లాభం, గోడకు చెప్పినట్టే.

అప్పుడు నాకు కొత్తగా చదువు పట్టుబడింది. మా జేజి, అంటే నాయన తల్లి, రోజూ నన్ను ముందు కూర్చోబెట్టుకుని పేపరు చదివించుకునేది. పేపరు నిండా మన సేనల గెలుపులే. ఒకరోజు మన సేనలు యుక్తిగా వెనక్కి తగ్గాయని రాశారు. వెనక్కి తగ్గినారంటే ఇంటికొస్తాండారా అని జేజి అడిగింది. నేను నవ్వాను. జేజి నవ్వలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ పేపరు చదివినవాళ్లలో సరైన ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే.

యుద్ధం అయిపోయింది. మామ తిరిగొచ్చాడు. ఊరంతా ఆయన్ని మిల్ట్రీ మామ అనడం మొదలుపెట్టింది. వచ్చిన రోజే మా ఇంటికొచ్చి జేజి కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. నా కొడుకు యాడ అని జేజి అడిగితే తల అడ్డంగా ఊపాడు. పాపం, వేరే పట్టాళంలో వేశారేమో, తెలియదేమో అని మావాళ్లు అనుకున్నారు. ఆ తర్వాత ఆయన మా వీధిలోకి రావడం మానేశాడు. చేనికి పోవాలన్నా చావిడి చుట్టూ తిరిగిపోయేవాడు. పట్టాళం బువ్వ తిని మిడిసిపడుతున్నాడని కొందరు, జతగాణ్ణి పోగొట్టుకుని ఆ ఇల్లు చూడలేకపోతున్నాడని కొందరు అనేవాళ్లు. నేను మొదటి రకం. ఎదురుపడితే మొహం తిప్పుకునేవాణ్ణి.

మా ఇంట్లో ఇక జేజి ఒకవైపు, చిన్నమ్మ ఒకవైపు. పెద్దల అమావాస్య నాడు మా సీమలో పోయినవాళ్లకు కొత్తబట్టలు పెట్టి, విస్తళ్లు వేసి వడ్డిస్తాం. ఏటా ఆ రోజు జేజి ఒక కొత్త పంచె తెప్పించేది. తెప్పించి, దాన్ని పోయినవాళ్ల బట్టల వరసలో పెట్టలేక, తీసి పెట్టెలో దాచలేక, ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఆమె బాధ ఒకటే. “బతికినోళ్ల పంక్తిలో లేడు, సచ్చినోళ్ల పంక్తిలో లేడు. నా కొడుకు యాడ కూసోని తింటాండాడప్పా?” అనేది. చిన్నమ్మ మాత్రం ఆ పంచె వైపు కన్నెత్తి చూసేది కాదు. చేతినిండా గాజులు, మొహాన రూపాయంత బొట్టు. ఆమె చాలా గట్టి మనిషి. చేలో కూలీలను ఒక్క కేకతో వంచేది.

మనిషి జాడ తెలియకుండా పన్నెండేళ్లు గడిస్తే కర్మ చేసేయాలని మా పక్క ఆనవాయితీ. మోదుగ ఆకులు, దర్భలు కట్టి బొమ్మను చేస్తారు. తలకు టెంకాయ పెడతారు. పాడె కట్టి మోసుకుపోయి కాలుస్తారు. అంతటితో ఆయన పోయినట్టే. రేపు ప్రాణాలతో తిరిగొచ్చినా గడప లోపలికి రానీయరు. చిన్నాయన పోయిన చిత్రభాను నుంచి లెక్కవేస్తే జయ నామ సంవత్సరానికి గడువు నిండింది. జేజికి ఆయాసం ఎక్కువైంది. కొడుక్కు ఒక్కసారి విస్తరి వేసి పోతానని పట్టుబట్టింది. మా నాయన అయ్యవారిని పిలిపించి ముహూర్తం పెట్టించాడు. చిన్నమ్మ అడ్డం చెప్పలేదు. కానీ నడింట్లో నిలబడి ఒక మాట అంది.

“మీ బొమ్మ మీరు కాల్చుకోండి. ఏండ్లు నిండినాయని సచ్చినాడంటే నేనొప్పను. చూసినోడొకడు చెప్పల్ల. అప్పుడు తీస్తా గాజులు.”

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ పుస్తకం నా చేతికి దొరికింది.

అట్ట ఊడిపోయిన పుస్తకం. రాసినవాడు యుద్ధంలో పెద్ద హోదాలో ఉన్న దొర. పింఛను పుచ్చుకుని, ఇంగ్లండులో తోట పెంచుకుంటూ తీరిగ్గా రాసుకున్నాడు. నడిమధ్యలో ఒక పేరా. హిందూదేశపు సిపాయిలున్న ఓడ ఒకటి మునిగిందట. శత్రువుకు సంగతి తెలియకూడదనీ, ఇక్కడి జనం బెదరకూడదనీ ఆ వార్తను తొక్కిపెట్టారట. బతికి బయటపడ్డ సిపాయిల చేత వాళ్ల వాళ్ల దేవుళ్ల మీద ప్రమాణం చేయించారట. వాళ్లు మాట మీద నిలబడ్డారని మెచ్చుకున్నాడు కూడా. ఆ తర్వాతి వాక్యంలో ఆ సాయంత్రం తను తాగిన టీలో పాలు విరిగిన సంగతి రాశాడు.

ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అన్నారా! శత్రువుకు తెలియకూడదట. శత్రువుకు తెలియకపోవడమేమిటి, ముంచినవాడే వాడు కదా. తెలియనిదల్లా మా చిన్నమ్మకు. రహస్యం అన్నది ఎదుటివాడి కళ్లు మూయడానికని ఎన్నాళ్లుగానో మనకు చెబుతూ వస్తున్నారు. మూసేది మాత్రం ఎప్పుడూ ఇంటివాళ్ల కళ్లే. మా గుడారంలో కూడా రహస్యం అని ఎర్రసిరా ముద్ర ఒకటి ఉండేది. ఆ ముద్ర ఉన్న కవరు ఒకసారి నేను విప్పవలసి వచ్చింది. లోపల ఉన్నది పై అధికారి గుడారానికి వట్టివేళ్ల తడికలు మంజూరైన సంగతి. మాకు లేవు కాబట్టి అది రహస్యం.

ఆ పుస్తకం సంచిలో వేసుకుని మర్నాడే సెలవు పెట్టి బస్సెక్కాను. దారి పొడుగునా కాలు కాలిన పిల్లిలా సీటులో మసిలాను. ఆ ఓడ మా చిన్నాయన ఎక్కిన ఓడే అని పుస్తకంలో ఎక్కడా లేదు. ఓడ పేరు లేదు, ఏ సముద్రమో లేదు. కానీ ప్రమాణం అన్న మాట దగ్గర నాకు తల అడ్డంగా ఊపిన మామ కనబడ్డాడు.

మామ ఇంటి ముందు వేపచెట్టు కింద తాడు పేనుతున్నాడు. నేను పుస్తకం విప్పి, ఆ పేరాను తెలుగులో చెప్పాను. చెబుతుంటే ఆయన చేతుల్లో తాడు ఆగింది. పురి విడిపోతూ ఉంటే కూడా చూసుకోలేదు. ఆ దొర ఇదంతా తన చేత్తో రాసినాడా అని అడిగాడు. అవునన్నాను. ఇది ఎవరైనా కొనుక్కోవచ్చునా అని అడిగాడు. కొనుక్కోవచ్చు, అంగట్లో అమ్ముతారు అన్నాను.

“అయితే ఆయప్ప తన ఒట్టు తానే తీసేసుకున్నాడు,” అన్నాడు మామ. “నాదెవురు తీస్తారప్పా? ఖురాను మింద చెయ్యి పెట్టించి, మేం చెప్పేదాంక నోరు తెరవొద్దన్నారు. చెప్పకనే ఓడెక్కి పాయిరి.”

చిన్నాయన ఆ ఓడలోనే ఉన్నాడా అని అడిగాను. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాకు కోపం ఆగలేదు. తెల్లవాడు పోయి ఏళ్లయింది, జెండా మారింది, రాజ్యం మారింది, రాజధాని మన కర్నూలుకే వచ్చింది, ఇంకా ఎవరికయ్యా నీ ఒట్టు అని అరిచాను. ఆయన, రాజ్యం మారితే అల్లా మారతాడా అని మెల్లగా అని, విడిపోయిన తాడును మళ్లీ మొదటి నుంచి పేనడం మొదలుపెట్టాడు. మీకు నవ్వు రావచ్చు. మాట తీసుకున్నవాడు మర్చిపోయినా, మాటను మాత్రం పట్టుకుని కూర్చునే మనుషులు మా సీమలో అప్పటికి ఇంకా మిగిలి ఉన్నారు.

పరుగున ఇంటికి పోయి చిన్నమ్మకు అంతా చెప్పాను. ఆమె లేచి పోయి ఆయన గడప ముందు కూర్చుంటుందనుకున్నాను, జుట్టు పట్టుకుని అడుగుతుందనుకున్నాను. ఆమె చాటలో కొర్రలు చెరుగుతూనే వినింది. విని, ఇన్నాళ్లూ వీధి మార్చి పోయింది అందుకా అంది. ఆ తర్వాత అన్న మాట నేను ఊహించింది కాదు.

“ఒకని ఒట్టు తెంపించి నా మొగుని కబురు నాకొద్దప్పా. నువ్వు సర్కారు మనిషివి గదా. తీయించు.”

చిన్నపిల్లలు ఆటలో ఒట్టు పెట్టుకుంటారు, తెగేవేళకు ఒట్టు తీసి గట్టు మీద పెట్టు అంటారు. పోతుంది. అంత తేలిక పని. నేను కర్నూలుకు పోయి ముహూర్తం లోపల ఆ ఒక్క మాట ఎవరి చేతనైనా అనిపించాలని తిరిగాను. మా పై అధికారి, యుద్ధం మన శాఖ కాదన్నాడు. ఆయన పై ఆయన, ఆ ప్రభుత్వం వేరు, మన ప్రభుత్వం వేరు, వాళ్లు పెట్టిన ఒట్టు మనమెట్లా తీస్తామన్నాడు. మరి వాళ్లు వేసిన పన్నులు, వాళ్లు రాసిన చట్టాలు అన్నీ ఎత్తుకున్నారే, ఒట్టొక్కటే బరువైందా అని నోటిదాకా వచ్చింది. ఉద్యోగం గుర్తొచ్చి మింగాను. ఇంకొక పెద్దమనిషి నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, ఫలానాది రహస్యమా కాదా అని చెప్పడం కూడా రహస్యమే నాయనా అన్నాడు. ఆయన మంచివాడు, వేళాకోళం ఆడలేదు. నిజంగానే అన్నాడు. ఢిల్లీకి అర్జీ పెట్టమన్నాడు. పెట్టాను.

గుడారాల మధ్య ఆ ఎండలో తిరుగుతూ ఉంటే ఒక ఆలోచన నన్ను వదల్లేదు. వీళ్లెవరూ దుర్మార్గులు కారు. ఎవరూ ఏదీ దాచడం లేదు. వాళ్లకు తెలియదు, అంతే. దాచినవాడు వెళ్లిపోయాడు, దాచిన తావు మరిచిపోయారు, కాపలా మాత్రం మా ఊళ్లో వేపచెట్టు కింద ఒక్కడు కాస్తున్నాడు.

కర్మ రోజు వచ్చింది. తెల్లవారుజామున బస్సులో కూర్చుని, సర్కారు ఒట్టు తీసేసిందని అబద్ధం చెప్పేస్తేనేం అనుకున్నాను. పది రకాలుగా ఆ మాటను లోపల్లోపల చెప్పుకుని చూశాను. దిగి నేరుగా మామ ఇంటికే పోయాను. ఆయన మొహం చూడగానే ఆ పదీ ఎగిరిపోయాయి. తీయలేదు మామా అన్నాను. ఆయన తలూపి, కాల్చే తావుకు తానూ రావచ్చునా అని అడిగాడు. రా మామా, నిన్నెవరు వద్దంటారు అన్నాను.

ఊరి బయట వంక. పేరుకే వంక, ఇసుక తప్ప తేమ లేదు. పాడె మీద మోదుగాకుల బొమ్మ, దాని మీద జేజి ఇచ్చిన కొత్త పంచె. జేజిని బండిలో తెచ్చి గట్టు మీద చెట్టునీడన కూర్చోబెట్టారు. చిన్నమ్మ ఆమె వెనకాల నిలబడింది. ఆడవాళ్లు ఇంత దూరం రాకూడదని అయ్యవారు గొణిగాడు. ఆమె చూసిన చూపుకు మళ్లీ నోరెత్తలేదు. చేతులకు గాజులు అట్లాగే ఉన్నాయి. నాయన కొరివి అందుకున్నాడు.

అప్పుడు వచ్చాడు మామ. పట్టాళం నాటి ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు. భుజం మీద నిండు కడవ. అంతా అడ్డం తొలిగారు. ఆయన ఎవరి వైపూ చూడకుండా పాడె దగ్గరికి వచ్చి, కడవ వంచి, బొమ్మ మీద నీళ్లు పోయడం మొదలుపెట్టాడు. కాళ్ల మీద, పొట్ట మీద, టెంకాయ తల మీద. తడిస్తే అంటుకోదు, నీకేమన్నా మతిపోయిందా అని నలుగురు అరిచారు. మా నాయన ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఆయన విడిపించుకుని కడవలో ఆఖరు చుక్క దాకా పోశాడు. పంచె తడిసి ఆకులకు అంటుకుపోయింది. దర్భల్లోంచి నీళ్లు కారి ఇసుకలోకి దిగాయి. కడవ కింద పెట్టి, గట్టు వైపు తిరిగి, చిన్నమ్మ ఎదుట నిటారుగా నిలబడ్డాడు. పెదవులు బిగపట్టుకునే ఉన్నాడు. కళ్లు మాత్రం కారిపోతున్నాయి.

నాకు తట్టడానికి క్షణం పట్టింది. చిన్నమ్మకు పట్టలేదు. ఆమె గట్టు దిగి వచ్చింది. తడిసిన బొమ్మను ఒకసారి తల నుంచి కాళ్ల దాకా చూసింది. మామ వైపు తిరిగి, నువ్వు పక్కనే ఉంటివా అని అడిగింది. ఆయన రెండు చేతులూ ముందుకు చాపి, దేన్నో గట్టిగా పట్టుకున్నట్టు పిడికిళ్లు బిగించి, మెల్లగా విప్పాడు. అంతే. ఆమె అక్కడే ఇసుకలో కూర్చుంది. పగలగొట్టడానికి రాయి అడగలేదు, ఎవరినీ చెయ్యి వేయనీయలేదు. గాజులు ఒక్కొక్కటే తనే తీసి ఆ తడి పంచె మీద పెట్టింది. ఆ తర్వాత ఏడ్చింది. ఆమె ఏడవడం నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. నేనూ ఏడ్చాను, దాపరికమేముంది.

బొమ్మను కాల్చలేదు. కాల్చవద్దని ఆమే అంది. తుంగభద్ర దాకా బండి కట్టించి నీళ్లలో వదిలి వచ్చాం. శాస్త్రంలో లేదని అయ్యవారు నసిగితే, ఓడ మాత్రం ఏ శాస్త్రంలో ఉందయ్యా అని మా నాయన కసిరాడు.

ఆ తర్వాత రాజధాని హైదరాబాదుకు పోయింది, నన్ను కడపకు వేశారు. అక్కడా పుస్తకాల గుట్టలు వెతికాను. ఇప్పటికీ యుద్ధం పుస్తకం కనబడితే ఊరుకోలేను. ఓడ పేరు తెలియలేదు. అర్జీకి జవాబు రాలేదు. దొర పుస్తకంలో ఆ పేరా పక్కన, ఒకరోజు ఉండబట్టలేక, పెన్సిలుతో గీత గీశాను. అంతకన్నా ఏం రాయాలో నాకు తోచలేదు.

కర్మ జరిగిన ఏడే పెద్దల అమావాస్యకు ఊరికి పోయాను. జేజి ఆయాసపడుతూనే వంట దగ్గర కూర్చుంది. పోయినవాళ్ల వరసలో చివరన, మొదటిసారిగా, చిన్నాయన పంచె పెట్టారు. దాని ముందు విస్తరి వేశారు. మామ కూడా వచ్చి మా ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. ఇప్పుడాయన వీధి మార్చి పోవడం లేదు. చిన్నమ్మ అన్ని విస్తళ్లలో బువ్వ, ఓళిగలు వడ్డించింది. నేను వెనకాలే చెంబుతో పోతూ ఒక్కొక్క విస్తరి పక్కన గ్లాసులో నీళ్లు పోస్తున్నాను. ఆఖరు విస్తరి దగ్గరికి రాగానే జేజి నా చెయ్యి పట్టుకుంది.

“వానికి పోయొద్దప్పా,” అంది. “శానా తాగినాడు.”

నేను గ్లాసు తీసేశాను.